భూతాలను పలకరించిన నస్రీన్ మేడం

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో పొద్దున దుకాణాల షట్టర్లు పైకి లేచే వేళకు ఒక ముసలి ఫకీరు ఊదు పొగ వేస్తూ తిరుగుతాడు. ఒక చేతిలో నిప్పుల చిప్ప, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. దుకాణం ముందు నిలబడి ఒక్క విసురు విసిరాడంటే పొగ గల్లాపెట్టె దాకా వెళ్లి వస్తుంది. ఆదిభట్ల వెళ్లే కంపెనీ బస్సు కోసం నేను నిలబడేది ఒక చెప్పుల దుకాణం ముందు కాబట్టి ఆ పొగలో నా వాటా నాకు రోజూ అందుతుంది. పక్కనున్న పిల్లలు దుపట్టాలూ కర్చీఫులూ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటాను. వాళ్లకు అది దుకాణానికి దిష్టి తీసే పొగ. నాకు లైబ్రరీ వాసన, నస్రీన్ మేడం వాసన.

నస్రీన్ మేడం మా కాలేజీ లైబ్రరీ చూసుకునేవారు. సాగర్ రోడ్డు మీద వరసగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో మాదీ ఒకటి. పుస్తకాలకు పురుగు పట్టకుండా ఆమె వారానికోసారి మట్టి చిప్పలో నిప్పులు పోసి, వాటి మీద ఇంత ఊదు చల్లి, బీరువాల మధ్య తిరిగేవారు. ఆ పొగలో ముందు ఆమె కళ్లద్దాలు కనిపించేవి, తర్వాత మనిషి కనిపించేది. "మేడం, దయ్యాలను ఎల్లగొడ్తున్నరా?" అని ఎవరో ఒకరు ఆటపట్టించకుండా ఉండేవారు కాదు. ఆమె ఆగి, చిప్ప కిందపెట్టి, తీరిగ్గా జవాబిచ్చేవారు. "దయ్యాలు పోతే పుస్తకాలల్ల ఇగ మిగిలేదేంది బిడ్డా, అట్టలా? నేను ఎల్లగొట్టేది పురుగులను. దయ్యాలను సల్లగ ఉండనియ్యి."

ఆమెది కోహెడ దగ్గర ఒక పల్లె. తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. తండ్రి బోరు మోటార్లు బాగుచేసేవారట. మేడం మనిషి పొట్టి, గొంతు పెద్దది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు సరిగ్గా ఆమె కుర్చీ వెనకే వేలాడేది, లైబ్రరీ మొత్తంలో ఎక్కువ చప్పుడు ఆ కుర్చీ దగ్గర నుంచే వచ్చేది. ఆ సంగతి ఆమెతో అంటే, "బోర్డు మీ కోసం. నా ఈపు ఎనుకున్నది నాకెట్ల కనిపిస్తది?" అనేవారు. ఆమె ముందు వాదించి గెలిచినవాడిని నేను చూడలేదు.

నేను లైబ్రరీకి చదువుకోవడానికి వెళ్లలేదు, దాక్కోవడానికి వెళ్లాను. మాది యాచారం వైపు పల్లె. బడి చదువంతా తెలుగులోనే. మొదటి సంవత్సరంలో సెమినార్ చెప్పమని నన్ను బోర్డు ముందు నిలబెట్టారు. నోరు తెరిచాను. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. మళ్లీ తెరిచాను, ఈసారి కోడిపిల్ల గొంతు ఒకటి వచ్చింది. క్లాసంతా ఘొల్లుమంది. చాక్‌పీసు చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తాను. ఆ తర్వాత నాకు 'మౌనవ్రతం' అని పేరు పెట్టారు. పిలిస్తే పలకడం కూడా మానేశాను కాబట్టి ఆ పేరు నాకు అతికినట్టు సరిపోయింది. మాట్లాడనవసరం లేని చోటు కాలేజీలో లైబ్రరీ ఒక్కటే అనుకున్నాను. 'నిశ్శబ్దం' బోర్డును నమ్మి మోసపోయిన అమాయకురాలిని.

"ఎవలకెల్లి దాక్కుంటున్నవ్ పిల్లా?" మూడో రోజో నాలుగో రోజో బీరువా పక్కనుంచి తొంగిచూసి అడిగారు నస్రీన్ మేడం. నేను తల అడ్డంగా ఊపాను. "మాట్లాడవా? మంచిదే. నాకు మాట్లాడని మనిషే కావాలె. రా, గీ బల్ల కాడ కూసో." ఆ బల్ల చుట్టూ అప్పటికే రూతు, ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. రూతు మా క్లాసే, ఇబ్రహీంపట్నం పిల్ల, తండ్రి చర్చిలో పాటలు పాడిస్తారు. నోట్లో నువ్వుగింజ నానని రకం. బల్ల మీద గుప్పెడు గవ్వలు, మధ్యలో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం. ఆ మధ్యాహ్నం నుంచి కాలేజీ వదిలే దాకా నా జీవితం ఆ బల్ల చుట్టూనే తిరిగింది.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. ఎవరో ఇల్లు మారుతూ లైబ్రరీకి ఇచ్చిపోయిన అట్టపెట్టెలో వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు ఆట నడుపుతారు. మిగిలినవాళ్లు ఒకరు కత్తి పట్టినవాడు, ఒకరు వైద్యురాలు, ఒకరు దొంగ అని తలా ఒక వేషం తీసుకుంటారు. మీరు అడవిలో ఉన్నారు, ఎదురుగా గుహ ఉంది అని నడిపేవాళ్లు చెబుతారు. మేం లోపలికి పోతామనో పారిపోతామనో మిగిలినవాళ్లు చెబుతారు. లోపల ఏ భూతముంటే దాని గొంతుతో నడిపేవాళ్లే మాట్లాడతారు. తలుపు తెరుచుకుందా లేదా అన్నట్టు అనుమానం వచ్చిన చోట పాచికలు వేసి తేల్చుకుంటారు. మా పెట్టెలో పాచికలు లేవు. అందుకని పచ్చీసు ఆడే గవ్వలు పెట్టుకున్నాం. పుస్తకం కూడా సగమే ఉంది. మొదట్లో ఆట ఎలా మొదలుపెట్టాలో ఉంది, చివర్లో దేశదేశాల భూతాల బొమ్మలున్నాయి. మధ్యలో కట్ట మొత్తం ఊడిపోయింది. భూతం ఎదురైతే ఏం చేయాలో చెప్పే భాగం ఆ ఊడిపోయిన కట్టలో ఉండేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఖాళీని నస్రీన్ మేడం తనకు తెలిసిన దానితో నింపారు. వాళ్ల పల్లెలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు వాళ్ల దాదిని, అంటే నాయనమ్మను, పిలిచేవారట. దాది వచ్చి, కొంగు దోపుకుని, ఆ మనిషి ఎదురుగా చతికిలబడి అడిగేదట. ఎవలు నువ్వు? యాడికెల్లి వచ్చినవ్? ఏం గావాలె? ఏ కులం వాళ్ల ఇల్లయినా, ఏ మతం వాళ్ల ఇల్లయినా అడిగేది అవే మూడు మాటలు. లోపలున్నది కాసేపు తిట్టేది, కాసేపు ఏడ్చేది, చివరికి చెప్పేది. ఒకటి గాజులు కావాలనేది, ఒకటి పెరుగన్నం కావాలనేది, ఇంకొకటి తన పేరు ఎవరూ తలుచుకోవడం లేదనేది. బేరమాడి, ఒప్పుకున్నది ఇచ్చి, పొలిమేర దాకా సాగనంపి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చేవారు. "నమ్ముడు నమ్మకపోవుడు నీ ఇష్టం బిడ్డా," అనేవారు మేడం. "అడుగుడు మాత్రం నేర్చుకో. అడగంగనే సగం భూతం దిగిపోతది." కాబట్టి మా బల్ల మీద ఏ భూతం ఎదురైనా మూడు ప్రశ్నలు అడగాలి, బేరం కుదరాలి, పొలిమేర దాటించాలి, తిరిగి చూడకూడదు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ ఆట ఇలాగే ఆడతారని మా గట్టి నమ్మకం.

ఒక రోజు జపాను దేశపు నీటిభూతం వంతు వచ్చింది. దాని పేరు కప్ప, మన కప్ప కాదు. కోతి అంత ఉంటుంది, కీర దోసకాయంటే ప్రాణం, నెత్తి మీద చిన్న గుంట, ఆ గుంటలో నీళ్లు. ఆ నీళ్లున్నంత సేపే దాని బలం. మహా మర్యాదస్తురాలు, ఎవరైనా తల వంచి నమస్కరిస్తే తిరిగి వంగకుండా ఉండలేదు, వంగితే నీళ్లు కారిపోతాయి. ఇదంతా చెబితే మాకు ఎక్కదని మేడం క్యాంటీన్ నుంచి స్టీలు పళ్లెం తెప్పించి, నిండా నీళ్లు పోసి, నెత్తిన పెట్టుకున్నారు. రెండు చేతులూ పంజాల్లా చాచి, "కీర దోసకాయ తెచ్చిన్రా లేదా?" అని ఆమె గర్జిస్తున్నప్పుడు ప్రిన్సిపాల్ గారు లోపలికి వచ్చారు. ఆయన అలవాటు కొద్దీ, "నమస్తే మేడం," అని తల వంచారు. మేము ఊపిరి బిగబట్టాం. మేడం కళ్లలో ఒక్క క్షణం ఉద్యోగం కనిపించింది, మరుక్షణం భూతం గెలిచింది. నడుం దాకా వంగి తిరిగి నమస్తే పెట్టారు. పళ్లెం, నీళ్లు అన్నీ వెళ్లి ఆయన బూట్ల మీద పడ్డాయి. "మాఫ్ చెయ్యుండ్రి సార్. మర్యాద తప్పొద్దు గదా," అన్నారు తల తుడుచుకుంటూ. మంచి మనిషి కాబట్టి ఆయన మాఫ్ చేశారు. ఆ తర్వాత లైబ్రరీకి వస్తే మాత్రం గుమ్మంలోనే నిలబడి, లోపల ఎవరి నెత్తి మీద ఏముందో చూసుకుని అడుగు పెట్టేవారు.

నన్ను ఆమె మాట్లాడించిన తీరు ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. మాట్లాడు, ధైర్యం తెచ్చుకో, నీలో ఏం తక్కువ అని ఒక్కనాడూ అనలేదు. మొదట నాకు బంకమట్టి మనిషి వేషం ఇచ్చారు. యూదుల కథల్లో ఉంటాడు, చెప్పిన పని చేస్తాడు, నోరు లేదు. "నీ లెక్కనే మాట్లాడడు. నువ్వయితే మంచిగుంటది," అన్నారు. మిగిలినవాళ్లు అడిగితే నేను తల ఊపాలి, వేలు చూపించాలి. తలుపు పగలగొట్టమంటే లేచి నిలబడాలి. నాకు అది నచ్చింది. నోరు విప్పకుండానే బల్ల అంతా నా వైపు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. కొన్నాళ్లకు సింహం ఒళ్లు, ఆడమనిషి ముఖం ఉన్న గ్రీకు కథల భూతాన్ని ఇచ్చారు. అది ప్రశ్నలు మాత్రమే అడుగుతుంది. ఒక పొడుపు కథ అడిగి ఊరుకుంటే చాలు, తలలు బద్దలు కొట్టుకోవడం ఎదుటివాళ్ల పని. ఆ తర్వాత రెండు తలల గండభేరుండం. ఒక తల రూతు, ఇంకో తల నేను. రూతు సగం వాక్యం అని ఆపేసేది, మిగతా సగం నేను అనాలి. అది కావాలని మధ్యలో ఆపి నా ముఖంలోకి చూసి నవ్వేది. దాని మీద కోపంతోనే మాటలు తోసుకొచ్చేవి. మూడో సంవత్సరం వచ్చేసరికి మా బల్ల దగ్గర ఆట నడిపేది నేనే. కానీ ఆ బల్ల దాటి నాలుగడుగులు వేస్తే మళ్లీ మౌనవ్రతం.

ఆఖరి సంవత్సరంలో ఆ నాలుగడుగులే నా ప్రాణం మీదికి వచ్చాయి. ఉద్యోగాలకు ఎంపిక చేసుకోవడానికి కంపెనీలు కాలేజీకి రావడం మొదలుపెట్టాయి. రాత పరీక్షల్లో నా పేరు పైనే ఉండేది. ఎదురుగా కూర్చోబెట్టి 'నీ గురించి చెప్పు' అనగానే గొంతులో ఏదో అడ్డం పడేది. మొదటి కంపెనీ పోయింది, రెండోదీ పోయింది. ఇలాగే అయితే నాలుగేళ్ల చదువు నా నోట్లోనే సమాధి అయ్యేలా ఉంది. ఆ సమయంలో నస్రీన్ మేడం చేసిన పని ఏమిటయ్యా అంటే, హైదరాబాదులో కాలేజీల మధ్య జరిగే ఈ ఆటల పోటీకి నన్ను అడగకుండానే నా పేరు ఇచ్చేశారు. ఒక్కో కాలేజీ నుంచి ఆట నడిపే మనిషి ఒకరు రావాలి, ఆడేవాళ్లు మాత్రం వేరే కాలేజీల వాళ్లు. అంటే నా చుట్టూ ఐదుగురు కొత్త ముఖాలు.

"నేను పోను మేడం," అన్నాను.

"పోకు. బస్సే తీస్కపోతది. నువ్వు ఎక్కు, చాలు."

పోటీ రోజు మేడంతో కలిసి ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, బొంగ్లూరు, తుర్కయాంజాల్ దాటి ఎల్బీనగర్ చేరేదాకా రూతు మాట్లాడుతూనే ఉంది, నేను కిటికీ చువ్వ పట్టుకునే ఉన్నాను. హాల్లోకి అడుగు పెట్టగానే మా ముగ్గురి నోళ్లూ తెరుచుకున్నాయి. బల్లల మీద వేలెడంత భూతాల బొమ్మలు, రంగులు వేసి నిలబెట్టి ఉన్నాయి. ఇరవై ముఖాల పాచికలు రాళ్ల ఉంగరాల్లా మెరుస్తున్నాయి. ఒక బల్ల దగ్గర ఎవరో పాచిక వేసి, "చచ్చింది!" అని అరిచారు. చప్పట్లు. ఇంకో బల్ల దగ్గర ఇంకేదో చచ్చింది. రూతు హాలంతా ఒక చుట్టు చుట్టి పరుగున వచ్చింది.

"మేడం! ఈల్లంతా చంపుతున్నరు మేడం! ఒక్కలు గూడ అడుగుతలేరు. కనపడంగనే కొట్టుడే!"

"గట్లనా?" నస్రీన్ మేడం కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. పక్క బల్ల మీదున్న మొత్తం పుస్తకం తీసి మధ్యలో తెరిచారు. మాకు లేని కట్ట నిండా కొట్లాటే. ఎన్ని దెబ్బలకు ఏది చస్తుందో వరస కట్టి రాసి ఉంది. ఆమె కాసేపు అలాగే చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఇన్నేండ్ల సంది మనం ఆడింది వేరే ఆట బిడ్డా! అసలు ఆట మనకు ఎర్కనే లేదు!"

ఆమెకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. కొత్త ముఖాలకు తోడు ఇప్పుడు నా ఆటే తప్పు. బయటికి వచ్చి మెట్ల మీద, నీళ్ల క్యాన్ల పక్కన కూర్చున్నాను. మేడం వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నారు.

"నాతోని కాదు మేడం. రూతును కూసోబెట్టుండ్రి."

ఆమె ధైర్యం చెప్పలేదు. కొంగు నడుముకు దోపుకుని, నా కంఠం వైపు సూటిగా చూసి అడిగారు. "ఎవలు నువ్వు?"

"నేనే మేడం, సునీత..."

"నిన్ను గాదు. నువ్వు జర సప్పుడు చెయ్యకు. నీ గొంతుల కూసున్నదాన్ని అడుగుతున్న. ఎవలు నువ్వు?"

ఆటలో ఎన్ని భూతాలకు గొంతిచ్చానో, ఆ అలవాటు పలికింది. "నేను భయాన్ని," అన్నాను.

"యాడికెల్లి వచ్చినవ్?"

"సెమినార్ బోర్డు కాడికెల్లి. అందరు నవ్విన్రు. ఈ పిల్ల ఉరికింది. నేను ఈమె ఎంబడే ఉరికొచ్చిన."

"అప్పటి సంది ఈడనే ఉన్నవా? ఏం దింటున్నవ్?"

"ఈమె మాట్లాడకుండ మింగిన మాటలు."

మేడం ముఖంలో ఏదో కదిలింది, కానీ గొంతు మారలేదు. "మస్తుగనే తిన్నవ్. ఇగ చెప్పు, ఏం గావాలె నీకు?"

మెట్ల మీద వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని వింతగా చూస్తున్నారు. జవాబు దానంతట అదే వచ్చింది. "మల్ల నవ్వుతరేమో చూడాలె. అందరికన్న ముందుగాల నేనే పోయి చూడాలె. నేను చూడక ముందే ఈమెను పోనియ్య."

"ఓస్, గింతేనా?" అన్నారు మేడం. "గట్లయితే బేరం విను. మొదటి మాట నీది. వణుకుతవో, తడబడ్తవో నీ ఇష్టం, ఎవ్వలు నిన్ను ఏమనరు. రెండో మాట కాడికెల్లి పిల్లది. దానికి అడ్డం రావద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటున్న."

"అయితే ఇగ పొలిమేరల కూసో." లేచి, నా చెయ్యి పట్టి లేపారు. "పా బిడ్డా. ఎనుకకు మర్లి చూడకు."

నేను చూడలేదు. నేరుగా వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. కత్తి వేషం తీసుకున్న పొడుగాటి అబ్బాయి పాచికలు చేతిలో గలగలలాడిస్తున్నాడు. నేను నోరు తెరిచి మొదటి మాట భయానికి ఇచ్చేశాను. "మీరు... మీరు ఒక గు... గుట్ట కింద ఉన్నరు," అంది అది. పొడుగాటి అబ్బాయి పక్కవాడి వైపు చూసి నవ్వాడు. భయం ఆ నవ్వు చూసింది. చూడాల్సింది చూసేసింది కదా, ఇక దాని పని అయిపోయింది. రెండో మాట నాది. అది నా పొట్టలోంచి వచ్చింది. గుట్ట రాళ్ల గురించి చెప్పాను, రాళ్లు పేల్చే మందు గురించి చెప్పాను, దుమ్ము కొట్టుకుపోయిన సీతాఫలం చెట్ల గురించి చెప్పాను, గుట్ట కడుపులో చుట్ట చుట్టుకుని ఉన్న రెక్కల డ్రాగన్ గురించి చెప్పాను. పాచికల గలగల ఆగిపోయింది.

కత్తివీరుడు వెంటనే దూకాడు. పాచిక వేస్తే ఇరవై పడింది. "చచ్చిందా?" అన్నాడు. "నీ కత్తి ఇరిగింది," అన్నాను. "డ్రాగన్ కండ్లు తెరిచి నిన్ను చూసింది. ఎర్రటి కండ్లు. మల్ల మూసుకోబోయింది, మూసుకోలేకపోయింది." ఇంకొకడు బాణం వేశాడు, ఇంకొకడు మంత్రం వేశాడు. డ్రాగన్ తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు, ఆవులించింది. ఐదుగురూ ముఖాలు చూసుకున్నారు. అప్పుడు వైద్యురాలి వేషంలో ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది. "ఒక్క నిమిషం ఆగండి. అసలు దీనికేం కావాలి?"

ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉన్నాను. లోపల పండగ చేసుకుంటూనే, ముఖం బండరాయిలా పెట్టి, "నన్ను కాదు, దాన్ని అడుగు," అన్నాను. ఆ అమ్మాయి బల్ల మీదికి వంగి, నా ముఖంలోకి చూసి, నిజంగా మెల్లగా అడిగింది. నేను డ్రాగన్ గొంతు తీశాను. ఆ గొంతు హాలు చివరి గోడకు తగిలిందని రూతు ఇప్పటికీ చెబుతుంది.

"మీ తాతల తాతలు పుట్టకముందు పండుకున్న బిడ్డా. ఎంత మంచి నిద్రనో! ఇప్పుడు పొద్దు లేస్తే పేలుడే. ఒక్క కునుకు పడ్తలేదు. నా కింద బంగారమున్నది, గావాలంటే తీస్కపోండ్రి. నాకు నిద్ర గావాలె."

ఇక ఆ బల్లను ఆపగలిగిన వాళ్లెవరు? దొంగ వేషం వాడు వెళ్లి పేలుడు మందు మూటలు మాయం చేస్తానన్నాడు. మంత్రం వేసేవాడు గుట్ట చుట్టూ చప్పుడు రాని కంచె కడతానన్నాడు. వైద్యురాలు జోల పాడదామంది. "ఎవరు పాడతారు?" అంటే అందరూ ఆ పొడుగాటి కత్తివీరుడి వైపే చూశారు. వాడు చెవులు ఎర్రబడేదాకా సిగ్గుపడి, మా నానమ్మ పాడేది ఒకటే వచ్చు అని, కళ్లు మూసుకుని అందుకున్నాడు. మాటలు సగం మర్చిపోయాడు, మర్చిపోయిన చోట కూనిరాగం తీశాడు. మిగతా నలుగురూ కలిశారు, ఎవరి భాషలో వాళ్లు. పక్క బల్ల వాళ్లు ఏదో చంపబోతూ ఆగిపోయారు. ఆ పక్కవాళ్లు లేచి వచ్చారు. అంతదాకా చావుల చప్పుడుతో మోగిన హాలు ఇప్పుడు ఒక డ్రాగన్‌ను నిద్రబుచ్చడానికి ఊపిరి బిగబట్టింది. నేను మెల్లగా తల బల్ల మీద వాల్చి, చిన్నగా గురక పెట్టాను. ఐదుగురూ కుర్చీలు చప్పుడు కాకుండా జరిపి, మునివేళ్ల మీద నడుస్తూ, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత మోగిన చప్పట్లకు నిజం డ్రాగన్ అయినా లేచి కూర్చునేది.

మొదటి బహుమతి మాకే వచ్చింది. కప్పు ఇచ్చిన పెద్దమనిషి చాలా ఆసక్తిగా, "ఈ పద్ధతి ఏ పుస్తకంలోదమ్మా?" అని అడిగారు. నేను చెప్పేలోపే నస్రీన్ మేడం అందుకున్నారు. "సగం పుస్తకంలది సార్. తక్కిన సగం మా దాదిది." ఆయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా చేతులు జోడించారు. తిరుగు ప్రయాణంలో బస్సు కండక్టర్ ఆ కప్పు చూసి, ఏం గెలిచిన్రు మేడం అంటే, "డ్రాగన్‌ను పండబెట్టినం," అన్నారామె. "మా ఇంటికి గూడ ఒక్కసారి రాండ్రి మేడం, మా చిన్నోడు రాత్రంత పండుతలేడు," అన్నాడతను టిక్కెట్లు కొడుతూ. ఇబ్రహీంపట్నంలో దిగి వేడి వేడి మిరపకాయ బజ్జీలు తిన్నాం. తర్వాత ఎవరో మొత్తం పుస్తకం కొని లైబ్రరీకి ఇచ్చారు. మేడం మధ్య భాగం పూర్తిగా చదివి, "మంచిగనే రాసిండు. మనకు పనికిరాదు," అని బీరువాలో పెట్టేశారు.

కొద్ది రోజులకే ఇంకో కంపెనీ వచ్చింది. 'నీ గురించి చెప్పు' అన్నారు. మొదటి మాట దానిది, అది ఎప్పటిలాగే వణికింది. తర్వాత నేను ఎంత చెప్పానంటే చివరికి వాళ్లే చాలమ్మా అన్నారు. ఆ ఉద్యోగంతోనే ఆదిభట్లకు వచ్చాను. విచిత్రం చూడండి, ఇప్పుడు నా పని మాట్లాడటమే. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పుతాను. భయం నన్ను వదిలిపోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు. దాని వాటా దానికి ఇచ్చేస్తాను. మొదటి మాట తడబడితే కొత్త పిల్లలు జాలిగా చూస్తారు. ఆ తర్వాత సాయంత్రం దాకా వాళ్లకు నోరు తెరిచే సందు దొరకదు.

నస్రీన్ మేడం పోయిన వానాకాలంలో కన్నుమూశారు. కాలేజీ వాళ్లు సంతాప సభ ఆ లైబ్రరీలోనే పెట్టారు. పాత విద్యార్థుల తరఫున ఎవరు మాట్లాడతారని అడిగితే రూతు నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. లేచి నిలబడ్డాను. ఒప్పందం ప్రకారం మొదటి మాట భయానికి ఇచ్చాను. అది రెండో మాట కూడా అడిగింది. నిజానికి ఆ రెండోది అడిగింది భయం కాదు, ఏడుపు. దానికీ ఒక బేరం ఉంటుంది కదా, ఇచ్చాను. మూడో మాట నుంచి నాది. ఆమె గొంతు గురించి చెప్పాను, గాజులడిగిన దయ్యం గురించి చెప్పాను, నన్ను మట్టి మనిషిని చేసి మనిషిని చేసిన తీరు చెప్పాను. సంతాప సభ అని మర్చిపోయి జనం పగలబడి నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. గంట దాటిందని తెలుస్తూనే ఉంది. ఆపమని ఎవరూ అనలేదు. గది మూసుకుని పోదామని వచ్చిన అటెండరు ఫ్యాను ఆపబోయి, మళ్లీ వేసి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.